వీడియో ఆపేసిన ఏడాది

పొద్దున్నే పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే, నోట్లో నీళ్లు మీ ప్రమేయం లేకుండా ఒక పక్క నుంచి కారిపోయాయనుకోండి. అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. చీర మార్చుకుని, బస్సెక్కి, ఆస్పత్రికి వెళ్లండి. ఫోను తీసి అందులో అడక్కండి. నేను అడిగాను, అందుకే చెబుతున్నాను.

మాది శ్రీకూర్మానికి తూర్పున, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె. మా ఊళ్లో సగం మంది మగాళ్లలాగే మా ఆయన దానయ్య కూడా శ్రావణంలో రైలెక్కి గుజరాత్‌లోని వీరావల్ వెళ్తాడు. అక్కడ సేట్ల బోట్ల మీద చేపల వేట. మళ్లీ ఇల్లు చేరేది ఎండాకాలం చివర్న. ఆయన నాకు మేనత్త కొడుకు, కాబట్టి పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. ఇంట్లో ఉండేది నేనూ, మా పోలమ్మత్తా. పిల్లలు ఇంకా లేరు. ఇంటర్ చదివి ఎండుచేపలు అమ్ముతున్నావేమిటని అడిగేవాళ్లున్నారు. చదువుకున్న నోరు కూడా అన్నమే తింటుంది కదా!

బోటు వేటకి వెళ్తే మూడు వారాల పైన సిగ్నలు ఉండదు. ఒడ్డుకొచ్చిందంటే మాత్రం మా ఇంట్లో పండగ. ఆయన అక్కడ రేవులో ఐసు పెట్టెకి ఫోను ఆనించి వల బాగుచేసుకునేవాడు. నేనిక్కడ ఉప్పు డబ్బాకి ఫోను ఆనించి వంట చేసుకునేదాన్ని. మాట్లాడుకున్నది తక్కువే. "ఏటి కూర?" అంటే, "కవళ్ల సేపలు" అనేదాన్ని. "పులుసేనా?" అంటే, "కాదు, పాయసం" అని వెక్కిరించేదాన్ని. ఆయన ఫోనుకి అందని రోజుల్లో కూడా ఫోను చేతిలోనే ఉండేది. ఎవరెవరివో వంటలు, ఎవరెవరివో గొడవలు, ఎవరెవరివో పెళ్లిళ్లు. అందులో చూస్తే తప్ప ముద్ద దిగేది కాదు. ఇంట్లో అద్దం పగిలి ఏడాదైనా ఇంకోటి కొనలేదు. బొట్టు కూడా ఫోనులో చూసుకునే పెట్టుకునేదాన్ని.

అందుకే, దీపావళి వెళ్లిన వారంలో ఒక పొద్దున్న నోట్లో నీళ్లు కారిపోయినప్పుడు నా ముఖం నాకు చూపించింది కూడా ఆ ఫోనే. ఎడమ పక్క చెంప జారిపోయింది. నవ్వబోతే కుడి పక్క ఒక్కటే లేచింది. ఎడమ కన్ను మూద్దామంటే మూతపడలేదు. ఓలమ్మో, ఇది నా ముఖమేనా అనుకున్నాను. గుమ్మంలోనే కూలబడ్డాను.

అక్కడి నుంచి లేచి ఆస్పత్రికి వెళ్లానా? లేదు. కూర్చున్న చోటే ఫోనులో వెతికాను. ఒకాయన ఇది మెదడులో రక్తం గడ్డకట్టడమే, ఇక ఆశ లేదన్నాడు. ఇంకొకావిడ నవ్వుతూ వెల్లుల్లి, ఆవాలు నూరి చెంపకి పట్టించమంది. పట్టించాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే. చెంప బొబ్బలెక్కింది, నోరు మాత్రం వంకరగానే ఉంది. మరొకడు బుడగలు ఊదమన్నాడు. పెదాలు కలవనిదాన్ని బుడగ ఎలా ఊదను? అయినా కూర్చుని ఊదాను. ఒకటి చూస్తే దాని కింద ఇంకో పది వచ్చేవి. మా అత్త "గాలి సోకినాదే అమ్మీ" అని ఏదో పసరు తెచ్చి రాసింది. అలా వారం గడిచిపోయింది.

చివరికి పక్కింటి గౌరి వచ్చింది. ఆమె మొగుడూ మా ఆయనా ఒకే బోటు మీద పనిచేస్తారు. నన్ను చూసి నోరు నొక్కుకుని, వెంటనే కోప్పడింది. "ఒసే నూకాలూ, నీకు బుద్దున్నాదా? ఇంటర్ సదివినావు గదే! నడు, శ్రీకాకుళం ఎల్దాం" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

ఆస్పత్రి వరండాలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ కూర్చున్నంతసేపూ నాకు చావు భయం. ఎదుటివాళ్లు చూస్తున్నారన్న సిగ్గు అంతకంటే ఎక్కువ. కొంగు చెంప మీదకి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. డాక్టరమ్మ చూసి, "ఇది పక్షవాతం కాదమ్మా, ముఖంలో నరం వాచింది. తిరిగొస్తుంది, కానీ మెల్లగా. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?" అంది.

"ఫోనులో చూశానండీ."

"మరి మందులు కూడా ఫోనునే ఇమ్మనలేకపోయావా?"

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆ ఎడమ కన్ను మూతపడక మరీ మంట. ఆవిడ అప్పుడు మెత్తబడి, కన్ను మూతపడనప్పుడు ఎండిపోతుందనీ, దాన్ని కాపాడుకోకపోతే చూపుకే ముప్పనీ చెప్పింది. చుక్కల మందు, నల్ల కళ్లజోడు, పడుకునేటప్పుడు రెప్ప మీద ప్లాస్టరు. "ఫోను చూడటం బంద్. రెప్ప వేయకుండా చూస్తారు మీరంతా. నీకసలే రెప్ప పడట్లేదు. ఇంకోటి, ముఖం ఎలా ఉందో గంటకోసారి అందులో చూసుకోకు. పూటకోసారి అద్దం ముందు వ్యాయామం చెయ్యి, చాలు."

నరం కదిలేందుకు ముఖానికి కరెంటు పెట్టే గది బయట నాలాంటివాడే ఒకడు కూర్చుని ఉన్నాడు. సాలూరు లారీ డ్రైవరు. శ్రీకాకుళంలో అక్కగారింట్లో ఉండి వైద్యం చేయించుకుంటున్నాడట. అతనికి కుడి పక్క పోయింది. నన్ను ఎగాదిగా చూసి, "నీది ఎడమేటి సెల్లీ? నాది కుడి. మనిద్దరి మంచి సగాలూ కలిపితే ఒక పెళ్లికొడుకు తయారవుతాడు" అన్నాడు. అన్ని రోజుల తర్వాత నాకు మొదటిసారి నవ్వొచ్చింది. సగం నవ్వే అనుకోండి. బంకు నుంచి రెండు టీలు తెప్పించి, ఒకటి నాకిచ్చి, "పెదవి మూల ఏలితో నొక్కి పట్టుకుని తాగు. సిగ్గుపడితే టీ బట్టల మీదే" అని తాగి చూపించాడు. అలాగే తాగాను. ఆ అన్న పేరు అడగడం మర్చిపోయాను. ఎక్కడున్నా అతని ముఖం బాగయ్యే ఉంటుంది.

ఇంటికొచ్చాక మా అత్త నా చేతిలోంచి ఫోను లాక్కుని ఎండుచేపల తట్టలో, సావడాల అడుగున దాచేసింది. అక్కడైతే ఎవరూ వెతకరని ఆమె ధైర్యం. ఎండుచేపల్లో చెయ్యి పెట్టడం నాకు రోజూ పనే గానీ, అత్త మాట దాటి పెట్టలేకపోయాను. గౌరి వాళ్లింట్లో మూలన పడున్న బటన్ ఫోను తెచ్చి నా సిమ్ము అందులో వేసింది.

అసలు గొడవ అక్కడే మొదలైంది.

"దానయ్యకి సెప్పకు" అంది మా అత్త.

"సెప్పకుండా ఎలాగత్తా?"

"ఏటలో ఉన్నోడికి సెడ్డ కబురు పంపకూడదే. ఆడి సెయ్యి వణికితే తాడు జారతాది. తాడు జారితే మనిసి జారతాడు. మన ఇసక మీద కాలెట్టినాకే సెప్పాల."

ఇది మా పల్లెలో ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. తన మామగారు పోతే కూడా, మొగుడు వేట నుంచి తిరిగొచ్చి స్నానం చేసి అన్నం తిన్నాకే చెప్పానని మా అత్త ఎన్నోసార్లు చెప్పింది. ఆ రోజుల్లో సముద్రం మీద ఉన్నవాడికి కబురు పంపే దారి లేదు, కట్టుబాటు దానంతటదే సాగిపోయేది. ఇప్పుడు దారి కొంగు ముడిలోనే ఉంది. అయినా ఎదురు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. నిజంగానే తాడు జారితే? ఆ మాట మనసులో పడ్డాక ఎవరికి నోరొస్తుంది?

కార్తీకంలో బోటు ఒడ్డుకొచ్చింది. ఆయన ఫోను చేశాడు. నా ఫోను కింద పడి అద్దం పగిలిందని, ఇకమీద వీడియో ఉండదని చెప్పాను. "సరేలే, మాట ఇనిపిస్తాది గదా" అన్నాడు.

ఆ మాట దగ్గరే వచ్చింది తంటా. పెదాలు రెండూ కలిస్తే గానీ రాని మాటలు నాకు రావడం మానేశాయి. 'పప్పు' అనబోతే గాలి వచ్చేది. అందుకని పెదాలతో పనిలేని మాటలే ఏరుకుని మాట్లాడేదాన్ని. కూర ఏమిటంటే ఎప్పుడూ చారేనని, "సారు" అనేదాన్ని.

"రోజూ సారేనా? సముద్రం ఒడ్డున ఉండి సేపలు లేవేటే?" అని విసుక్కున్నాడు.

ఊ అన్నాను, ఉహూ అన్నాను. అన్నింటికంటే కష్టమైన మాట ఒకటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన్ని పిలుస్తున్న మాట. అది అనకుండానే ఫోను పెట్టేసేదాన్ని. పెట్టేశాక సముద్రం వైపు తిరిగి కూర్చునేదాన్ని.

ఫోను మానడం గురించి కూడా చెప్పాలి. మొదట్లో చెయ్యి ఊరికే నడుం దగ్గరికి పోయేది, అక్కడేమీ ఉండేది కాదు. ఒళ్లంతా చిరాకు. మా అత్తతో దెబ్బలాడేదాన్ని, ఉప్పెక్కువైందని ఒకసారి, తక్కువైందని ఒకసారి. తట్ట వైపు చూస్తే చాలు, ఆమె గొంతు సవరించుకునేది. సారాకి అలవాటుపడ్డ వాళ్లని చూసి నవ్వేదాన్ని ఇదివరకు. ఇక ఆ నవ్వు నాకు తగదు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. ఒక సాయంత్రం ఎండబెట్టిన చేపలు ఎత్తుతూ బావ ముఖం గుర్తు చేసుకుందామనుకున్నాను. రాలేదు. ఎంత ప్రయత్నించినా ఫోనులో ముఖమే వస్తోంది. కింద నుంచి కనిపించే గడ్డం, పెద్దగా ముక్కు రంధ్రాలు, నుదురు సగం కోసేసినట్టు. నేను పెళ్లాడిన మనిషి ముఖం ఇది కాదు! మొగుడి ముఖం మర్చిపోయిన ఆడదాన్ని ఎక్కడైనా చూశారా? పగలంతా చూస్తూ కూర్చున్నానని అనుకున్నాను గానీ, నిజానికి మర్చిపోతూ కూర్చున్నాను. చాలా రోజులు పట్టింది ఆయన ముఖం తిరిగి గుర్తు రావడానికి. ముందు చెవి వెనక పుట్టుమచ్చ గుర్తొచ్చింది. తర్వాత, వల అల్లేటప్పుడు దారం పళ్ల మధ్య పెట్టుకుని కళ్లు చిట్లించే తీరు. ఆ తర్వాత తలంటుకున్నాక తుడుచుకోకుండా వచ్చి నా మీద జుట్టు విదిలించడం. ఒక్కొక్కటీ వస్తుంటే ఆనందమూ దుఃఖమూ కలిసి వచ్చేవి. ఆయన నాకు కావాలనిపించేది. ఫోనులో కాదు, ఒళ్లు తగిలేంత దగ్గరగా.

మాఘం వచ్చింది. బోటు ఒడ్డుకొచ్చిందని గౌరి చెప్పింది. ఆయన మాత్రం ఫోను చెయ్యలేదు. ఒకరోజు ఆగాను, రెండో రోజు ఆగాను. నా ఫోను మోగలేదు. మూడో రోజు గౌరి ఇంటికి వెళ్లి నిలదీస్తే అప్పుడు కక్కింది అసలు సంగతి.

అంతకు ముందు విడత బోటు ఒడ్డున ఉన్నప్పుడు గౌరి కుళాయి దగ్గర మొగుడితో వీడియోలో మాట్లాడుతోంది. కళ్లజోడు లేకుండా బిందె పట్టుకుని నేను ఆమె వెనక నుంచి వెళ్లాను. అటువైపు గౌరి మొగుడే కాదు, బోటు మీద మగాళ్లంతా తలలు పెట్టి చూస్తున్నారు. మా ఆయన ఐసు తేవడానికి వెళ్లాడు, ఆయనొక్కడే లేడు. నా ముఖం చూసి అందరూ బిత్తరపోయారట. వెంటనే బోటు డ్రైవరు, "దానయ్యకి ఎవడూ సెప్పకండి. ఏట అయ్యేదాకా నోరెత్తకండి" అన్నాడట. మా అత్త కట్టుబాటే, ఆ ఒడ్డున కూడా.

"ఆళ్లు సెప్పనేదు గాని, దానయ్య బావని జాలిగా సూడ్డం మొదలెట్టినారట. బావ రాగానే మాటలాపేత్తన్నారట" అంది గౌరి. తర్వాత తల దించుకుని, "నువ్వేమో బావా అనడం మానేసినావట. ఊళ్లో నీ గురించి ఏదో జరిగినాదనీ, అందరికీ తెలుసనీ, తనకే తెలీదనీ అనుకుంటన్నాడట. అన్నం సరిగ్గా తిన్నేదట" అంది.

ఏదో అంటే ఏమిటో నాకర్థమైంది. మీకూ అర్థమయ్యే ఉంటుంది. ఒళ్లు మండిపోయింది ముందు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఎరిగింది ఇంతేనా! తర్వాత భయం పట్టుకుంది. కడుపులో ఆ అనుమానం పెట్టుకుని, తిండి తినకుండా మళ్లీ సముద్రం మీదికి వెళ్లబోతున్నాడు. తాడు జారడానికి ఇంకేం కావాలి?

ఇంటికొచ్చి బటన్ ఫోను తీశాను. మా అత్త నా మణికట్టు పట్టుకుంది.

"వద్దే అమ్మీ. ఇన్నాళ్లూ ఆగినావు."

"వదులు అత్తా. సెడ్డ కబురు తెలిస్తే సెయ్యి వణుకుతాదన్నావు. ఏటీ తెలీక నీ కొడుకు నిలువునా వణుకుతన్నాడు."

సరిగా పలక్కపోయినా ఆమెకి తెలిసింది. చెయ్యి వదిలేసి, గంగమ్మకి దణ్ణం పెట్టుకుంటూ గోడకి చేరగిలబడింది.

ఆయన ఎత్తాడు. నేనే మొదలుపెట్టాను. ముఖం ఎడమ పక్క పడిపోయిందని, దీపావళి నుంచీ ఇంతేనని, అందుకే వీడియో ఆపానని, కొన్ని మాటలు నోరు తిరగట్లేదని, అందుకే పిలవట్లేదని ఒక్క ఊపులో చెప్పేశాను. అటువైపు ఇంజను చప్పుడు, కాకుల గోల.

"నోరు వంకరపోయినాదా? అంతేనా?" అన్నాడు చివరికి.

"అంతేనా అంటావేటి! నా ముఖం సూస్తే తెలుస్తాది నీకు."

"కాదే. నానింకేటో అనుకున్నాను."

"ఏటనుకున్నావు? సెప్పు."

ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ఆ తర్వాత, "ఓపాలి పిలవ్వే. ఎలా వస్తే అలా" అన్నాడు. పిలిచాను. 'వావా' అని వచ్చింది. పెద్దగా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు, మళ్లీ పిలవమన్నాడు. నీ పిండం కాకులకెయ్య అని తిట్టాను. ఆ తిట్టూ వంకరగానే వచ్చింది. ఇంకా నవ్వాడు.

"ఆ గౌరమ్మ ఫోనులో ఓపాలి కనిపించు. సూస్తాను" అన్నాడు.

"కనిపించను. ఏడుగురు తలలు పెట్టి సూసే డబ్బాలో నా ముఖం పెట్టను. వచ్చి సూడు."

అలా ఎందుకన్నానో నాకే తెలియదు. పంతమూ ఉంది, భయమూ ఉంది. ఫోనులో ఆయన ముఖం చిట్లిస్తే అది నాకు కనిపిస్తుంది. మధ్యలో దేశమంత దూరం. కనీసం చెయ్యెత్తి కొట్టడానికైనా మనిషి దగ్గరుండాలి కదా!

ఆ తర్వాతి నెలల్లో మేము మాట్లాడుకున్నట్టు పెళ్లయ్యాక ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇదివరకు సముద్రం చూపించేవాడు, ఎలా ఉందో చెప్పేవాడు కాదు. ఇప్పుడు చెప్పక తప్పలేదు. నీళ్లు ఏ రంగులో ఉన్నాయో, వల లాగుతుంటే ఏం వచ్చిందో, రేవులో పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందో అన్నీ చెప్పేవాడు. మాట మధ్యలో ఆగి, "ఉన్నావా?" అనేవాడు. "ఉన్నాను" అనేదాన్ని. పెట్టేశాక మాత్రం ఇల్లు మరీ బోసిగా ఉండేది. ఇదివరకు ఫోనులో ఆయన ఉన్నాడనుకుని లోటు తెలిసేది కాదు. ఇప్పుడు పూర్తిగా తెలిసింది.

ఉగాది నాటికి కన్ను మూతపడింది. ఆ పొద్దున్న రెండు కళ్లూ మూసుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఇంకొన్నాళ్లకి పెదాలు కలిశాయి. "పోలమ్మత్తా!" అని కేకేస్తే ఆమె ఉలిక్కిపడి, వెంటనే కళ్లొత్తుకుంది. పేరు పెట్టి పిలిచినందుకు తర్వాత తిట్టిందనుకోండి. నవ్వు మాత్రం ఇంకా ఎడమ పక్క కొంచెం వెనకబడే వస్తుంది. అది అంతేనేమో అంది డాక్టరమ్మ.

తట్టలోంచి ఫోను తీశాం. ఎండుచేపల కంపు ఇప్పటికీ వదల్లేదు. ఫోను పాపిష్టిదని నేననను. తుఫాను కబురు ముందుగా తెచ్చేది అదే, మా మగాళ్లని వెనక్కి రప్పించేదీ అదే. దాని పని దానికుంది. దానికి నా ముఖం, నా మొగుడి ముఖం అప్పగించడం మాత్రం మానుకున్నాను. ఇన్నాళ్లూ వ్యాయామానికి గౌరి అద్దం అరువు తెచ్చుకున్నాను, ఇప్పుడు మా ఇంటికీ ఒకటి కొన్నాను. మళ్లీ శ్రావణం వెళ్లిపోయింది, బావ వీరావల్‌లో ఉన్నాడు. వాడకం తగ్గించుకుంటే ప్రశాంతంగా ఉంటుందని చెబుతారు కొందరు. నాకైతే ప్రశాంతత ఏమీ రాలేదు. మనిషి మీద బెంగ వచ్చింది. అది బాధే గానీ, నాది.

ఆయన వచ్చిన రోజు సంగతి చెప్పి ఆపుతాను. పోయిన జ్యేష్ఠంలో శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి నేనే వెళ్లాను. ముందు రోజు నుంచి అన్నం తినలేదు. నల్ల కళ్లజోడు పెట్టుకున్నాను, కొంగు చెంప మీదకి లాక్కున్నాను. బండి ఆగింది. మావాళ్లంతా సంచులతో దిగారు. ఆయన చిక్కిపోయి, నల్లబడి ఉన్నాడు. నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నేను నేల చూపులు చూశాను. సంచి భుజానికెత్తుకుని, "నడు" అన్నాడు, అంతే.

ఆటోలో పక్కపక్కన కూర్చున్నాం. గాలికి కొంగు జారిపోయింది. ఆయన నా వైపే తిరిగి కూర్చుని చూస్తున్నాడు. స్టేషనున్న ఊరు దాటింది, నాగావళి వంతెన వచ్చింది, చూపు తిప్పడు. నాకు ఒళ్లంతా చెమటలు.

"ఏటలా సూస్తన్నావు? ఆపు" అన్నాను.

"ఆపడానికిదేటి ఫోనా? అందులో అంటే నొక్కి ఆపేసినావు. ఇక్కడేటి నొక్కుతావు?" అన్నాడు.

కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మా ఊరు వచ్చేదాకా ఆయన్ని చూడనిచ్చాను.